లోగిలిలో ఆఖరి పేరు

పోలిష్ రాజధానిలోని ప్రాగా పేటలో పాత భవంతుల లోగిళ్ళలో మరియమాత గూళ్ళుంటాయి. మే నెలంతా పొద్దుగూకాక వాటాలవాళ్ళు అక్కడ చేరి ప్రార్థన చేస్తారు. చివర్లో ఆ లోగిలిలో పోయినవాళ్ళను ఒకరు పేరుపేరునా తలిస్తే, మిగతావాళ్ళు "శాంతి కలుగుగాక" అంటారు.

ఈ ఏడు బ్రోనిస్లావా ఒక్కతే మిగిలింది. పేరూ తనే చెప్పాలి, శాంతీ తనే పలకాలి.

"త్వరగా కానీ బామ్మా!" గేటు దగ్గర్నుంచి అరిచాడు కొత్త యజమాని మనిషి రదెక్. "తెల్లారితే నీ సామాను వీధిలో ఉంటుంది. ఆ మాతను కూడా మూట సర్దుకోమను."

ఆమె పేర్లు తలవడం మొదలుపెట్టింది. పాతకాలంలో రష్యా సైన్యం నరికేసిన యాగ్నా. కలరాలో పోయిన చాకలి తెక్లా. జర్మన్లు రైలెక్కించిన దర్జీ షిమోన్. యూదుడైనా లోగిలివాడే.

"శాంతి కలుగుగాక."

ఈసారి ఆమె నోరు తెరవలేదు. మాట పైనుంచి వచ్చింది, చెక్కలు కొట్టేసిన కిటికీల వెనకనుంచి.

రదెక్ నవ్వు ఆగిపోయింది. "పైనెవరు? అందర్నీ ఖాళీ చేయించానే!"

చేయించాడు, నడిచలికాలంలో ఇళ్ళను వెచ్చబరిచే వేడినీటి గొట్టాలు కోయించి మరీ. ఆ చలికే పక్కవాటా లియోకాదియా పోయింది. ఆఖరి పేరు ఆమెదే. అది చెప్పగానే అన్ని అంతస్తులూ శాంతి పలికాయి. బ్రోనిస్లావా కొవ్వొత్తి ఆర్పబోయింది.

"అప్పుడే ఆర్పకే, బ్రోనియా," దగ్గుతూ అంది లియోకాదియా గొంతు. "ఇంకో పేరుంది."

తన పేరే అనుకుంది ఒక్క క్షణం. గేటు దగ్గర తాళాలగుత్తి గలగలలాడుతోంది.

బ్రోనిస్లావా అటు తిరిగింది.

"రదెక్ అంటే ముద్దుపేరు కదూ," అంది మెల్లగా. "నీ పూర్తి పేరేమిటి నాయనా?"