ఏడో గడప

సింగపూర్ బూన్ లే ప్రాంతంలోని ఆ ఫ్లాట్ల కారిడార్‌లో సాయంత్రం నాలుగయ్యేసరికి సుత్తి మోత మొదలయ్యేది.

ఆ రోజు వసుంధరకు ఓపిక నశించింది. విసురుగా బయటికి వచ్చింది.

పక్క ఫ్లాట్ రామదాసు చాప పరుచుకుని ఓ గడప చెక్కుతున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. ఒకప్పుడు షిప్‌యార్డులో వడ్రంగి. తాతలనాడే కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం.

"రా అమ్మా. మకాన్ అయిందా, తిన్నావా?"

"అయింది అంకుల్. చిన్న రిక్వెస్ట్. దీక్షితకి పీఎస్ఎల్ఈ దగ్గరపడింది. ఈ సౌండ్‌కి చదవలేకపోతోంది."

"నాకు ఓకే లా, అమ్మా," లోపల్నుంచి దీక్షిత సింగపూర్ యాసలో అరిచింది.

వసుంధర విననట్టే ఉండిపోయింది. సింగపూర్‌లో ఆరో తరగతి పరీక్షంటే ఇంటిల్లిపాదికీ పరీక్షే.

రామదాసు సుత్తి పక్కన పెట్టాడు.

"ఇదే ఆఖరిదమ్మా. ఏడో తలుపుకి గడప. పాపం, వాళ్లు ఎదురుచూస్తా ఉండారు."

"ఎవరు అంకుల్?"

"తలుపు లేనోళ్లు." ఆయన నవ్వాడు. "సరేలే, ముందు పాప పరీక్ష. సుత్తి ముట్టను."

మాట మీద నిలబడ్డాడు. ఆరు వారాలు చప్పుడే లేదు.

నిజానికి వసుంధరకు ఆయనంటే ఇష్టమే. గడప పూర్తయిన ప్రతిసారీ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, దండం పెట్టుకునేవాడు. మనవాళ్ల ఇళ్లకే చేస్తున్నాడు కాబోలు అనుకునేది. నచ్చనిది ఒక్కటే. ఏడాదికి ఒకటి రెండుసార్లు పెట్టె సర్దుకుని మాయమయ్యేవాడు. నల్లబడి, చిక్కి సగమై తిరిగొచ్చేవాడు.

"జూదం ఆడే ఓడలుంటాయి కదా, వాటిల్లో పోతాడు," అని కింది అంతస్తు తారాదేవి ఒట్టేసి మరీ చెప్పింది. వసుంధర నమ్మింది.

పరీక్షలు జరుగుతుండగానే ఆయన ఫ్లాట్‌కు తాళం పడింది.

"మళ్లీ ఓడెక్కినట్టున్నాడు. ఈ వయసులో ఇదేం బుద్ధో," అంది భర్తతో.

పరీక్షలయ్యాక ఓ వారానికి ఆ తాళం తీసి కనిపించింది. వసుంధర డబ్బా నిండా సున్నుండలు పెట్టుకుని వెళ్లింది. ఇక ఎంతసేపు కావాలంటే అంతసేపు కొట్టుకోండి అంకుల్ అని చెబుదామని.

తలుపు తీసింది ఆయన మేనకోడలు హేమమాలిని.

"మామ పోయి పది రోజులైందక్కా. ఆస్పత్రిలోనే. పరీక్షలయ్యేదాకా పక్కింట్లో చెప్పొద్దన్నాడు. పాప డిస్టర్బ్ అవుతుందని."

వసుంధర డబ్బా పక్కన పెట్టి లోపలికి వెళ్లింది. తానన్న మాటలకు తానే సిగ్గుపడింది.

హాలులో గోడకు ఆనించి ఉంది తలుపు, గడపతో సహా. నున్నగా, పూర్తయి.

"మరి చప్పుడే లేదు?"

"సుత్తి ముడితే కదా. చేత్తోనే ఉలి నెట్టుకుంటా, గరుకు కాగితంతో రుద్దుకుంటా చేసినాడు. పసుపు ఒక్కటి మిగిల్చినాడు. పక్కింటమ్మతో పెట్టించమన్నాడు."

వసుంధర ఇంటికెళ్లి పసుపు, కుంకుమ తెచ్చింది. నేల మీద కూర్చుని గడపకు రాసింది. బొట్లు పెడుతుంటే ఏడుపు ఆగలేదు.

"ఎవరింటికి ఇది?" అంది కళ్లు తుడుచుకుంటూ.

"ఇరాక్‌కి అక్కా. యుద్ధంలో వాళ్ల మతం చూసి ఊళ్లోంచి తరిమేసినారంట. అన్నీ తగలబెట్టినారంట. ఇప్పుడు తిరిగొచ్చి కట్టుకుంటున్నారు. మామ తలుపులు పంపించి, వెనకాలే తనూ పోయి బిగించి వచ్చేవాడు."

హేమమాలిని తన ఫోన్ అందించింది. వసుంధర ఒక్కో ఫొటో జరుపుతూ పోయింది. మసిబారిన రాతి గోడలు, కొత్త తలుపులు, తెలియని మనుషుల మధ్య ఎండకు నల్లబడి నవ్వుతున్న రామదాసు.

ఆఖరి ఫొటోలో, మెడలో శిలువ వేసుకున్న ఓ ముసలమ్మ, వాళ్ల సింగపూర్ వడ్రంగి నేర్పిన పద్ధతి తప్పకుండా, చర్చి గడపకు పసుపు రాస్తోంది.