మేకు కొట్టని గోడలు

ప్రూఫురీడరు వేలి కణుపులతో గోడను టకటకా కొట్టి, చెవి ఆనించి విన్నాడు. గోడ గట్టిదే. అయినా పెదవి విరిచాడు. ఇల్లు చూడవచ్చినవాడు ముందుగా పెదవి విరవాలి. అది మర్యాద.

హాల్లో ఇంకో బేరగాడు ఉన్నాడు, బట్టల దుకాణం ఆసామి. ఇప్పటికే మూడు ఫ్లాట్లు కొని అద్దెకిచ్చాడు. ఆయన ఇంటిని చూడడు, నెలకు ఎంత రాలుతుందో చూస్తాడు.

తాళం తీసిన బ్రోకరు ఇద్దరికీ మధ్య నిలబడ్డాడు. ప్రూఫురీడరు భార్య గుమ్మం దగ్గరే ఆగింది.

“అద్దెవాళ్ళు ఇంట్లో లేరండీ. మీరు నిదానంగానే చూసుకోవచ్చు గానీ, సాయంత్రం ఇంకో పార్టీ వస్తోంది. వాళ్ళు సొంత కాపురానికే కొంటారట. కొన్న మర్నాడే ఉన్నవాళ్ళను ఖాళీ చేయిస్తామంటున్నారు.”

ప్రూఫురీడరు లెక్క వేసుకున్నాడు. సాయంత్రం వాళ్ళ చేతికి పోతే అంతే సంగతులు. ఈ వీధిలో ఈ రేటుకు ఇలాంటి ఇల్లు మళ్ళీ దొరకదు. ఏదో ఒకటి ఇప్పుడే తేలాలి.

“ఉన్నవాళ్ళు ఎలాంటివాళ్ళు?” అడిగాడు ఆసామి.

బ్రోకరు నోరు తెరిచేలోగా ప్రూఫురీడరే అందుకున్నాడు.

“ఇల్లు చూస్తే తెలియడం లేదా అన్నగారూ? గోడకు ఒక్క మేకు లేదు. వంటగట్టు చూడండి, అద్దంలా ఉంది. ఇలాంటివాళ్ళు దొరకాలంటే పెట్టి పుట్టాలి.”

బ్రోకరు పక్కకు తిరిగి దగ్గాడు.

“మొదట్లో అందరూ బుద్ధిమంతులేనయ్యా,” అన్నాడు ఆసామి. “ నా రెండో ఫ్లాట్లో ఉన్నవాడు పోతూ పోతూ ఫ్యాన్లు ఊడదీసుకుపోయాడు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ, అద్దెకిచ్చి చూడు అనడం మరిచిపోయారు.” ఆసామి చూపు కిటికీ పక్కనున్న ఒంటి మంచం మీద ఆగింది. “ముసలివాళ్ళున్నారా? ఉంటే నాకొద్దు. పాతుకుపోతారు. మెట్లు ఎక్కలేం, లిఫ్టు పెట్టించు అని ప్రాణం తీస్తారు.”

“మొగుడూ పెళ్ళాం ఇద్దరేనట,” అన్నాడు ప్రూఫురీడరు. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

“చుట్టాలొస్తే వేస్తారు కాబోలు,” అంది అతని భార్య, మంచం వైపు చూడకుండా.

కొనేవాడి కళ్ళతో చూస్తే గది వింతగా ఉంది. ఎండ పడే కిటికీ లాభంలా, మనిషి లేని మంచం లోపంలా కనబడ్డాయి. అతను అడక్కుండానే మనసు తక్కెడ పట్టుకుని కూర్చుంది. అది అంత చురుగ్గా తూస్తుందని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు. కాస్త భయం వేసింది.

వంటింట్లో ఆసామి ఎంత తిప్పినా కుళాయి రాలేదు. భార్య వెళ్ళి దాన్ని కాస్త పైకెత్తి తిప్పింది. నీళ్ళు ధార కట్టాయి.

“నీ చెయ్యి మంచిదమ్మా,” అన్నాడు ఆసామి.

“మా ఇంట్లోదీ ఇలాగే ఏడుస్తుంది అన్నయ్యగారూ.”

ప్రూఫురీడరు ఆమె వైపు గుర్రుగా చూశాడు.

“అద్దె మరీ తక్కువ. కొంటే ముందు అది పెంచాలి,” అన్నాడు ఆసామి.

“ఆ పొరపాటు మాత్రం చేయకండి,” అన్నాడు ప్రూఫురీడరు. “ వీధి చివర రెండు అపార్టుమెంట్లు లేస్తున్నాయి. ఇళ్ళు ఎక్కువ, మనుషులు తక్కువ. పెంచారా, వీళ్ళు పోతారు. ఖాళీ ఇంట్లో బల్లులుంటాయి గానీ, అవి అద్దె కట్టవు కదా.”

“బాగానే చదివావే మార్కెట్టు.”

“అందుకేగా వచ్చింది. మీరు తీరిగ్గా ఆలోచించుకోండి అన్నగారూ. నేను అడ్వాన్సు ఇచ్చేస్తున్నా.” జేబులో చెయ్యి పెట్టి, అక్కడే ఉంచాడు.

ఆసామి ముఖం మారిపోయింది. ఇంకొకడి చెయ్యి జేబులోకి పోయిందంటే చాలు, ఆయన కంటికి రేకుల షెడ్డయినా రాజభవనమే. బ్రోకరు రెక్క పట్టుకుని బాల్కనీలోకి లాక్కుపోయాడు. తిరిగొచ్చేసరికి బేరం ముగిసింది.

“ఏమనుకోకు తమ్ముడూ. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి. నీ సలహా వృథా పోనివ్వనులే. వాళ్ళను కదిలించను, అద్దె పెంచను.”

ప్రూఫురీడరు తల వంచుకున్నాడు. ఓడినవాడు ఎలా నిలబడతాడో అలా నిలబడ్డాడు. ఆసామి జాలిగా అతని భుజం తట్టి, బ్రోకరును వెంటబెట్టుకుని మెట్లు దిగాడు.

కారు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, భార్య చెప్పులు విప్పి పొయ్యి వెలిగించింది. అతను పక్కింటి తలుపు తట్టి, “ఇక మనింటికి రావచ్చమ్మా,” అని తల్లిని పిలిచాడు.