అరవై ఏళ్ళ ఉజ్వల

"అరవై ఏండ్లప్పుడు నేనెట్లుంటనో రాయాల్నా? వచ్చే నెల స్కానింగే దాటుతనో లేదో ఎర్కలేదు మేడం!"

ఉజ్వల కలం బల్ల మీద పడేసింది.

సిద్దిపేట కోమటి చెరువుకు ఎదురుగా ఉన్న ఆ చిన్న గదిలో అందరూ పాతికేళ్ళ లోపువాళ్ళే. క్యాన్సర్ కోరల్లోంచి బయటపడ్డవాళ్ళే. ఆదివారం పొద్దున కూడి, ఇంట్లో చెప్పుకోలేనివి కాగితం మీద పెడతారు. దగ్గర కూర్చుని రాయించేది సంహిత మేడం.

"నిజం రాయమంటలేను బిడ్డా. ఉత్తగ కల గను, సాలు" అంది సంహిత.

కిటికీ అవతల సన్నటి తుంపర. చెరువు, కట్ట, ఆకాశం ఒకటే రంగులో కలిసిపోయాయి. చూస్తూ చూస్తూ ఉజ్వల ఎప్పుడు కలం అందుకుందో ఆమెకే తెలియదు. రాస్తుంటే, కట్ట మీద ఒక ముసలమ్మ నడుచుకుంటూ వచ్చింది. నడుము కాస్త వంగింది. చేతిలో కాల్చిన మక్కకంకి ఉంది గానీ, నోట్లో కొరకడానికి పళ్ళు లేవు. అది తలచుకుని తనలో తనే నవ్వుకుంటోంది. ఆమెకు ఏ తొందరా లేదు. మబ్బులో తేలుతున్నట్టు మెల్లగా పోతూనే ఉంది. ఆమె వెంట పోతున్నంతసేపూ ఉజ్వలకు దవాఖాన వాసన గుర్తుకే రాలేదు.

చదివి వినిపిస్తే గదంతా నవ్వింది. చాన్నాళ్ళకు ఉజ్వలా నవ్వింది.

"మస్తుంది. మరి ముసలమ్మ పక్కన ఎవరున్నరు?" అడిగింది సంహిత.

ఉజ్వల నవ్వు ఆగిపోయింది.

"ఎవ్వరు లేరు మేడం. నా రోగం ముచ్చట తెలిసినంక, నాతోని గంత దూరం ఎవరు నడుస్తరు?"

సంహిత చివరి కుర్చీ వైపు తిరిగింది. అక్కడ నవనీత్ కూర్చున్నాడు. మొదటి రోజు నుంచీ రాయడమే తప్ప, ఒక్కసారీ చదివి వినిపించని పిల్లవాడు.

"నవనీత్, గియ్యాల నువ్వు చదువు."

"నాది వద్దు మేడం." అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఏం కాదు. కలనే గదా!"

నవనీత్ లేచాడు. ఎవరి వైపూ చూడలేదు. కాగితం మడత విప్పి చదివాడు.

"నాకు అరవై రెండేండ్లు. మా ఇంటామె వస్తదని కట్ట మీద గొడుగు పట్టుకొని నిలబడ్డ. ఆమె పేరు ఉజ్వల."