పచ్చ లైటు

"కబురు పంపే పనిని వెనకాల విడిగా నడిచే డెలిగేట్‌కి అప్పజెప్పావు, బాగానే ఉంది. మరి అది ఏమైందో కనుక్కునే లైను కోడులో ఏదీ?" టెస్టరు స్క్రీను మీద వేలు పెట్టింది.

"దానికోసం ఆగితే లైటు ఆలస్యమవుతుంది మేడం. అందుకే పని పంపగానే వెలిగించేశా," అన్నాడు ప్రోగ్రామరు.

ఆసుపత్రిలో రోగి బెల్లు నొక్కితే నర్సుల గదికి కబురు పంపి, మంచం పక్కన పచ్చ లైటు వెలిగించే ప్రోగ్రాం అది. ఇవాళ పొద్దున్నే అన్ని వార్డుల్లోనూ మొదలుపెట్టారు.

"ఒక్క కబురూ చేరలేదయ్యా! పంపిన ప్రతి పనీ లోపలే చచ్చింది. మొరపెట్టుకుందామంటే వినే నాథుడు లేడు. రోగికి కనిపించేది మాత్రం పచ్చ లైటు, 'వస్తున్నాం' అని."

అతని ఫోను మోగింది. నిన్న ఆపరేషనైన అక్క, అదే ఆసుపత్రి నుంచి.

"కుట్ల దగ్గర తడి తగులుతోందిరా. దుప్పటంతా ఎర్రగా... బెల్లు నొక్కాన్లే, కంగారుపడకు."

"ఎప్పుడు నొక్కావ్?"

"చాలాసేపైంది."

పక్కన టెస్టరు నర్సుల గదికి ఫోను కలుపుతోంది. అటు ఎవరూ ఎత్తడం లేదు.

"అక్కా, గట్టిగా అరువు! ఎవరినైనా పిలువు!"

"అరవడమెందుకురా పిచ్చోడా?" ఆమె గొంతు సన్నబడిపోతోంది. "నువ్వు పెట్టిన లైటేగా. వెలుగుతూనే ఉంది."