రెండో గదిలో అడుగులు

ఇంగ్లండులోని లీడ్స్‌లో అప్పటికి అన్ని ఇళ్లలాగే తారకేశ్ ఇంట్లోనూ మనిషి కదలిక ఉన్న గదికే వేడి వచ్చేది. ఒక్క చిన్న గది కోసమైతే ఇంటికి వేడినిచ్చే గ్యాస్ బాయిలర్ మాటిమాటికీ వెలిగి ఆరేది. గ్యాస్ దండగని, అన్నీ తానే చూసుకుంటూ మనుషులతో మాట్లాడే ఆ ఇల్లే దాన్ని ఆపేసేది.

నెలలు నిండకుండా పుట్టిన పాపను వెచ్చగా ఉంచమని డాక్టరమ్మ చెప్పింది. తారకేశ్ భార్య సుభాషిణి పడకగదిలో పాపను ఊపుతూ కూర్చుంది. తనకు చెప్పకుండా భర్త ఎక్కడో ఉత్తరాన స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో ఉద్యోగానికి ఒప్పుకున్నాడని తెలిసినప్పటి నుంచి ఆమె అతనితో మాట్లాడటం లేదు.

మధ్యాహ్నం నుంచి మంచు పడుతూనే ఉంది. పాప పాదాలు చల్లబడ్డాయి.

"ఇంకో గదిలో కూడా మనిషి ఉంటే బాయిలర్ నిలకడగా మండుతుంది," అంది ఇల్లు.

తారకేశ్ పక్క గదిలోకి పరుగెత్తాడు. కదలకుండా కూర్చుంటే గది ఖాళీ అనుకుంటుందని, గోడ నుంచి గోడకు నడవసాగాడు. బాయిలర్ మంట అందుకుంది.

చీకటి పడేసరికి పాప ఒళ్లు వెచ్చబడింది. పక్క గదిలో అడుగులు ఆగలేదు కానీ తడబడుతున్నాయి. సుభాషిణి పాపనెత్తుకుని వెళ్లి తలుపు తీసింది.

"కాళ్లు లాగట్లేదూ?"

"ఆగితే ఆరిపోద్ది."

"పాపని తీసుకెళ్లి నువ్వు ఊపు. కాసేపు నేను నడుస్తాలే."

అతను పాపను అందుకుంటుంటే నెమ్మదిగా అడిగింది: "అబర్డీన్‌లో చలి ఇంకా ఎక్కువట కదా?"