పదకొండు సెకన్ల కేక

ప్రకటన నిడివి పదకొండు సెకన్లు. తెరంతా నలుపు. బొమ్మ ఉండదు, సంగీతం ఉండదు. ఒక ఆడగొంతు మాత్రం ఆయాసపడుతూ, "తలుపు రావట్లేదు... తొందరగా రా... తొందరగా..." అంటుంది. ఆ తర్వాత సినిమా పేరు, విడుదల తేదీ.

టీవీలో వార్తల మధ్య, రేడియోలో పాటల మధ్య, బస్టాండులో పెద్ద తెర మీద, ఎక్కడ చూసినా అదే. వారం తిరిగేసరికి ఊరు అట్టుడికిపోయింది. పిల్లలు జడుసుకుంటున్నారని తల్లులు గోల పెట్టారు. పక్కింట్లో ఎవరో చిక్కుకున్నారనుకుని తలుపు పగలగొట్టామని ఒక అపార్ట్‌మెంటు వాళ్ళు పోలీసుల దగ్గరికి వెళ్ళారు. ప్రచారం చూసే మేనేజరు మాత్రం మీసం మెలేసుకుంటూ తిరిగాడు. తిట్టేవాళ్ళంతా అడక్కుండానే మన సినిమాకి డప్పు కొడుతున్నారని అతని ఆనందం.

సౌండ్ ఇంజనీరుకి మాత్రం ముద్ద దిగడం లేదు.

ఆ గొంతు డబ్బింగ్ అమ్మాయిది కాదు. ఆ సంగతి అతనొక్కడికే తెలుసు.

రికార్డింగ్ రోజు ఆ పిల్ల ముప్పై సార్లు అరిచింది. దర్శకుడు ముప్పై సార్లూ పెదవి విరిచాడు. దడ పుట్టాలయ్యా, ఇదేంటి జలుబు చేసినట్టుంది అని విసుక్కుని వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ పిలిపిద్దామనుకుని, ఈలోగా ఆ చోటు ఖాళీగా ఉండకూడదని, ఇంజనీరు తన పాత హార్డ్ డిస్కులోంచి ఒక ముక్క తీసి అతికించాడు. ఈ పనిలో అది మామూలే. అసలుది వచ్చేదాకా ఏదో ఒకటి పెడతారు, వచ్చాక తీసేస్తారు. ఇన్నేళ్ళుగా శబ్దాలతో కాపురం చేసిన చెవి కదా, ఆ క్షణాన అతనికి అది మనిషి గొంతులా కాక సరిగ్గా సరిపోయే శబ్దంలా వినిపించింది.

దర్శకుడు వచ్చి విన్నాడు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. దీన్ని ఎవడైనా ముట్టుకుంటే ఊరుకోనన్నాడు. ఎప్పుడు చేసిందీ అమ్మాయి అని అడిగాడు. మీరు వెళ్ళాక ముప్పై ఒకటోసారి చేసిందని ఇంజనీరు నోటికొచ్చింది అనేశాడు. అప్పుడే నిజం చెప్పేస్తే ఏ గొడవా లేకపోయేది. ఎందుకు చెప్పలేదా అని తన్ను తాను తిట్టుకోని రోజు లేదు.

డబ్బింగ్ అమ్మాయి ఒకరోజు మెట్ల దగ్గర పట్టుకుంది.

"అన్నా, అది నా గొంతేనా? నేనే గుర్తుపట్టలేకపోతున్నాను."

"నీదేనమ్మా. మిషన్లో కాస్త సానబెట్టాను."

ఆ పిల్ల నమ్మింది. అప్పటికే రెండు కొత్త సినిమాలకి పిలుపొచ్చింది మరి.

ప్రకటనల మీద ఫిర్యాదులు వినే సంఘానికి కట్టలకొద్దీ ఉత్తరాలు వెళ్ళాయి. అన్నీ భయం గురించే. ఒక్కటి మాత్రం వేరు. అది నటన కాదు, నిజంగా ప్రాణం పోతున్న మనిషి గొంతు, ఆపించండి అని రాసి ఉంది. విచారణ దాకా ఫిర్యాదు చేసినవాళ్ళ పేర్లు బయటపెట్టరు. మేనేజరు ఆ కాగితం చూసి పగలబడి నవ్వాడు. సంఘం నవ్వలేదు. నటించినవాళ్ళనీ, రికార్డు చేసినవాళ్ళనీ గురువారం హాజరు కమ్మంది. నిజం గొంతని తేలితే సినిమా విడుదల ఆగిపోతుంది. ఆ పని చేసినవాడికి ఈ రంగంలో ఇక చోటుండదు.

పనిలో ఉండగా ఫోను సొరుగులో పడేయడం ఇంజనీరుకి మొదటినుంచీ అలవాటు. ఇప్పుడు బయటున్నా పడేస్తున్నాడు. ఇంటినుంచి వచ్చినా ఎత్తడం లేదు.

గురువారం పొద్దున్నే సంఘం గది. పొడవాటి బల్ల, వెనక ముగ్గురు సభ్యులు, మధ్యలో అధ్యక్షురాలు. ముందు ప్రకటన వినిపించారు. తర్వాత డబ్బింగ్ అమ్మాయిని చేసి చూపించమన్నారు. ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. ప్రాణం పెట్టి చేసింది. నీళ్ళు తాగుతున్న సభ్యుడు గ్లాసు కింద పెట్టేశాడు. కాస్త తేడా ఉన్నా యంత్రాల్లో అంతమాత్రం మారుతుందిలే అని వాళ్ళలో వాళ్ళే అనుకున్నారు. ఇంజనీరుకి ఊపిరి ఆడింది.

"గొంతు ఈ అమ్మాయిదేనా?" అంది అధ్యక్షురాలు.

"అవునండీ."

రాసి సంతకం పెట్టమంది. పెట్టాడు.

అవతలివాళ్ళ మాట కూడా వినాలి కదా అని, అధ్యక్షురాలు పక్కగదిలో కూర్చోబెట్టిన ఫిర్యాదుదారుని పిలిపించింది. చేతిసంచీ పట్టుకుని ఒక పెద్దావిడ వచ్చింది. ఆవిడను చూడగానే ఇంజనీరు గబుక్కున తల దించుకున్నాడు. ఆవిడ అతన్ని చూడలేదు. చూపించిన చోట కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుంది.

ఈ అమ్మాయే నటించిందనీ, మా ముందే చేసి చూపించిందనీ, ఆయన సంతకం కూడా పెట్టారనీ అధ్యక్షురాలు నెమ్మదిగా చెప్పింది.

"మరి నటన కాదని మీరెలా చెప్పగలరమ్మా?"

ఆవిడ డబ్బింగ్ అమ్మాయి వైపు తిరిగింది. "బాగా చేశావు తల్లీ. నిన్నేమీ అనడం లేదు" అంది. తర్వాత ఇంజనీరు వైపు వేలు చూపించింది.

"నాలుగేళ్ళ కిందట మంటల్లో ఇరుక్కుని మా అమ్మాయి, ఫోనెత్తకపోతే పెట్టిన ఆఖరి వాయిస్ మెసేజండీ అది, మొదట్లో 'తమ్ముడూ' అని పిలిచింది, ఆ ఒక్క మాటా కోసేసి మీకు వినిపిస్తున్నాడు మా అబ్బాయి."