మూడో మొక్క

"ముప్పై ఒకటి ఉండాలి. ఇరవై ఎనిమిదే ఉన్నాయి!"

అంటూనే కండక్టరు విజిలు ఊదాడు. పార్కంతా ఉలిక్కిపడింది. కాలిబాట ఊడుస్తున్నవాళ్ళు చీపుళ్ళు వదిలేసి, పిట్టగూళ్ళకి రంగేస్తున్నవాళ్ళు బ్రష్షులతో సహా పరిగెత్తుకొచ్చారు.

బస్సు దిగి నాలుగేళ్ళయినా ఆయన మెడలో విజిలూ పోలేదు, ఆ పేరూ పోలేదు. ఆదివారం ఆదివారం చుట్టుపక్కలవాళ్ళంతా వచ్చి ఊరికే పనిచేసే ఆ పార్కులో, నారుమడి ఆయనది. గింజలు తనే ఏరాడు, తనే మొలిపించాడు. ఒక్కో మొక్క మొదట్లో దారం చుట్టి రెండు ముడులు వేశాడు. చేతులకి తొడుగులేసుకుని కలుపు కూడా తనే పీకుతాడు. ఇంకొకరి చెయ్యి పడనివ్వడు.

"నలభై నాటానమ్మా! వారం వారం తగ్గిపోతున్నాయి. ఇవాళ ఏడింటికి తడిమి తడిమి లెక్కపెట్టా, ముప్పై ఒకటి. ఇప్పుడు తొమ్మిది. నేను ఇక్కడే కూర్చుని కలుపు పీకుతుండగా, నా ముక్కు కిందే మూడు మాయం!"

"పోనీలెండి అన్నయ్యగారూ, ఏ కుందేలో కొరికుంటుంది," అంది పార్కు సంఘం అధ్యక్షురాలు.

"కుందేలు కొరికితే మొదలు మిగుల్తుంది. ఇవి వేళ్ళతో సహా లేచిపోయాయి. మనిషి పనే! అందరూ వినండి. ఇవాళ దొంగని పట్టుకుంటా. ఎవరైనా సరే గేటు బయట దింపేస్తా. మళ్ళీ ఈ పార్కులో కాలు పెట్టనిచ్చేది లేదు. సరేనా?"

"సరే," అన్నారంతా. ఆయన ఉక్రోషం చూస్తే కాదనడానికి ఎవరికి ధైర్యం?

దొంగెవరో ఆయన అప్పటికే తేల్చేసుకున్నాడు. సంచీ ఆవిడ! ముప్పై ఏళ్ళపాటు టికెట్ లేనివాళ్ళని మొహం చూసి పట్టినవాడికి ఆ మాత్రం తెలీదా? మొక్కలు పోవడం మొదలై రెండు నెలలు. ఆవిడ వచ్చి నెలన్నర. ఆ పదిహేను రోజుల తేడా ఆయన లెక్కలోకి రాలేదు. అనుమానానికి లెక్కలెందుకు!

పైగా ఆవిడ వాలకమే అంత. వచ్చేటప్పుడు ఖాళీ సంచీ, వెళ్ళేటప్పుడు బరువు సంచీ. ఎప్పుడు చూసినా కంచె పక్కన కలుపు గుట్ట చాటున నక్కి ఉంటుంది. ఇవాళ పొద్దున్నే దగ్గరికొచ్చి, "బాబాయ్ గారూ, ఆ కొమ్మ మీద పిట్టలెన్ని?" అంది.

"నాలుగో, అయిదో. నీకెందుకు?" అన్నాడు. ఆవిడ వెళ్ళిపోయింది. నా చూపు ఎంతవరకు ఆనుతుందో కనుక్కుంటోంది దొంగమొహం, అనుకున్నాడు.

"ఏమమ్మా, ఆ సంచీ విప్పు," అన్నాడిప్పుడు.

ఆవిడ సంచీ గట్టిగా పట్టుకుంది. "తర్వాత చూపిస్తాను, బాబాయ్ గారూ. మీ ఒక్కరికీ."

"చూశారా! మనలో మన మాటట! విప్పు ముందు!"

విప్పింది. తడిగుడ్డలో చుట్టిన రెండు మొక్కలు. మొదట్లో దారం, రెండు ముడులు.

అందరూ నోళ్ళు నొక్కుకున్నారు. కండక్టరు మొహం వెలిగిపోయింది.

"మిగతావి?"

"మా ఇంట్లో డబ్బాల్లో ఉన్నాయి. అన్నీ బతికాయి."

"మరి ఇవాళ్టి మూడోది?"

"అది నాకూ దొరకలేదు, బాబాయ్ గారూ."

"ఎంత పొగరు! వెతుక్కుంటూ దొంగతనం!"

"ఎందుకిలా చేశారు?" అని అధ్యక్షురాలు నిలదీసింది. ఆవిడ కండక్టరు వైపు చూసింది, చుట్టూ ఉన్న జనాన్ని చూసింది. "నేనే తీసుకున్నాను. కారణం ఇంతమందిలో చెప్పలేను," అంది.

కండక్టరు స్వయంగా గేటుదాకా నడిపించాడు. "ఊఁ, దిగు," అన్నాడు, పాత అలవాటు కొద్దీ.

ఆవిడ దిగకుండా ఓ చీటీ అందించింది. ఆయన దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "చీమ తలకాయలంత అక్షరాలు! ఏమిటిది?"

"నేను కంటాసుపత్రిలో నర్సుని. రేపు పదింటికి రండి. డాక్టరుగారికి చెప్పి ఉంచాను."

"దొంగతనం చేసింది కాక నా కళ్ళకి వంక పెడతావా?"

"వంక కాదు బాబాయ్ గారూ. చేతి తొడుగులు తీసేసి, ఆ కలుపు గుట్టని ఓసారి తడిమి చూడండి."

"వెళ్ళెళ్ళు!" అని గేటు వేసేశాడు. వేశాడే గానీ కాళ్ళు నిలవలేదు. గొణుక్కుంటూ గుట్ట దగ్గరికి వెళ్ళాడు. పొద్దుట్నుంచి తను పీకి పారేసిందే కదా, ఇందులో ఏముంటుంది? తొడుగులు విప్పి చెయ్యి లోపలికి పెట్టాడు. గడ్డి. మట్టి. మళ్ళీ గడ్డి.

వేలికి దారం తగిలింది. ఒక ముడి. పక్కనే ఇంకొకటి.

చేత్తో ఆ మొక్క పట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు. దాని వేళ్ళకి ఇంకా తడి ఉంది. పార్కులో పని మళ్ళీ మొదలైంది. ఎవరూ ఆయన్ని చూడటం లేదు. గుట్టలోకి తోసేసి లేచిపోయినా అడిగేవాళ్ళు లేరు.

విజిలు మోగింది. అందరూ మళ్ళీ పరిగెత్తుకొచ్చారు.

"ఇప్పుడేమైంది అన్నయ్యగారూ?"

కండక్టరు మొక్కని అధ్యక్షురాలి చేతిలో పెట్టాడు. మెడలోంచి విజిలు తీసి, దాన్నీ పెట్టాడు.

"మూడోది దొరికింది, నేను పీకిన కలుపులోనే. ఆ అమ్మాయిని వెనక్కి పిలవండి," అన్నాడు. "గేటు తియ్యండి. నేను దిగాలి."